కాంప్లెక్స్ మీటింగుల్లో టీచర్లకు పనికొచ్చే వీడియోలు ఎట్లా తయారుచేయాలి?

కళ్యాణదుర్గం ఎస్జీటీ:

అందరికీ నమస్కారం. నేను ఎస్జీటీని, అంటే చిన్న తరగతులకు చెప్పే టీచరును. మాది కళ్యాణదుర్గం వైపు ఒక ప్రైమరీ స్కూలు. ఇద్దరు టీచర్లం, ఐదు తరగతులు. ఒకరు ఏదైనా డ్యూటీకి పోతే ఆ రోజు ఐదూ ఒకరికే.

మా మండలంలో నలుగురు టీచర్లం కలిసి 3, 4, 5 తరగతులకు లెక్కలు చెప్పేవాళ్ళ కోసం డిజిటల్ మెటీరియల్ చేద్దామనుకున్నాం. పిల్లల కోసం కాదు, టీచర్ల కోసమే. ముందు తీసివేతలు, తర్వాత భిన్నాలు. ఎంఈఓ (మండల విద్యాధికారి) గారు సరే అన్నారు, కాంప్లెక్స్ మీటింగులో, అంటే చుట్టుపక్కల బళ్ళ టీచర్లందరం కలిసే సమావేశంలో, ఒక గంట ఇస్తామన్నారు. మా చేతిలో ఉన్నది ఒక మంచి ఫోను, ఒక పాత లాప్‌టాప్. మీటింగు జరిగే హైస్కూల్లో ఐఎఫ్‌పీ ప్యానెల్, అంటే పెద్ద టచ్ తెర, ఉంది. నెట్ మాత్రం ఒక్కో రోజు ఉంటుంది, ఒక్కో రోజు ఉండదు.

తెలిసిన వాళ్ళను అడిగితే, 40 నిమిషాల లెక్చర్ రికార్డు చేయండి, పీపీటీ పెట్టండి, చివర పది బిట్లు ఇవ్వండి అన్నారు. అట్లాంటివి నేను చాలానే చూశాను. చూసిన మరుసటి రోజు నా క్లాసులో మారింది ఏమీ లేదు. మా తోటి టీచర్ల గంట సమయం అట్లా పోకూడదని నాకు గట్టిగా ఉంది.

వీడియో ఎంతసేపు ఉండాలి? అందులో ఎవరు మాట్లాడాలి? కొత్తగా చేయాలా, ఉన్నవే తీసుకుని మార్చుకోవాలా? మనలాంటి పరిస్థితులే ఉన్న వేరే దేశాల్లో ఎట్లా చేశారో తెలిసినవాళ్ళు చెప్పండి.

—

కర్నూలు, రిటైర్డ్ డైట్ లెక్చరర్:

అమ్మా, మీ ప్రశ్న చూసి సంతోషమైంది. పిల్లల కోసం వీడియోలు చేసేవాళ్ళు వేలమంది ఉన్నారు. టీచరు కోసం, అదీ రెండు గదుల బడి టీచరు కోసం చేద్దామనుకునేవాళ్ళు తక్కువ.

కెమెరా ఇప్పుడే తీయకండి. ముందు ఒక కాగితం మీద ఒకే ఒక ప్రశ్న రాయండి. వీడియో ఆపిన తర్వాత ఆ గదిలోని టీచర్లు ఒకరితో ఒకరు దేని గురించి మాట్లాడుకోవాలి? ఆ ప్రశ్న దొరికితే వీడియో ఎంతసేపు ఉండాలో అదే చెబుతుంది. శిక్షణ జరిగేది వీడియో నడిచేటప్పుడు కాదు, ఆపిన తర్వాత. డైట్‌లో, అంటే టీచర్లకు శిక్షణ ఇచ్చే జిల్లా సంస్థలో, ఉన్నన్నాళ్ళూ నేను గట్టిగా పట్టుకున్న మాట ఇదొక్కటే.

తీసివేతలే తీసుకుందాం. మూడో తరగతి పిల్లవాడికి 52 − 27 ఇచ్చారు. 35 అని వేశాడు. మన టీచర్లలో చాలామంది ఇంటు కొట్టి, "అప్పు తెచ్చుకోవడం మరిచిపోయావు" అంటారు. వాడు మరిచిపోలేదు. 2లో నుంచి 7 పోదు కాబట్టి 7లో నుంచి 2 తీసేశాడు, 5 వచ్చింది. 5లో నుంచి 2 తీస్తే 3. ప్రతి వరసలోనూ పెద్దదానిలో నుంచి చిన్నది తీయాలని వాడికి వాడు ఒక సూత్రం కట్టుకున్నాడు. అప్పు అవసరం లేని లెక్కలే నెలల తరబడి చేయించాం కాబట్టి ఆ సూత్రం వాడికి అన్నిసార్లూ పనిచేసింది. ఇప్పుడు మీరు అప్పు అనే కొత్త పద్ధతి ఎంత గట్టిగా చెప్పినా, పాత సూత్రం కదలదు.

మీ వీడియో ఇదే కావాలి. ఒక పలక, ఒక చెయ్యి, ఒక పిల్లవాడి గొంతు. "ఎట్లా చేశావు నాన్నా?" అని టీచరు అడుగుతుంది. "ఏడులో నుంచి రెండు తీస్తే ఐదు" అంటాడు. అక్కడ ఆపేయండి. ఒక నిమిషం కూడా కాదు. తెర మీద ఒక్క ప్రశ్న ఉంచండి: ఇప్పుడు ఈ పిల్లవాడిని మీరు తర్వాత ఏం అడుగుతారు? ముగ్గురు ముగ్గురుగా కూర్చుని పది నిమిషాలు మాట్లాడుకోనివ్వండి. ఆ తర్వాత రెండో ముక్క చూపించండి. టీచరు పుల్లల కట్టలు తెచ్చి, ఐదు కట్టలూ రెండు విడి పుల్లలూ ముందు పెట్టి, "ఇందులో నుంచి 27 నాకు ఇవ్వు" అంటుంది. విడి పుల్లలు రెండే ఉన్నాయని వాడే చూస్తాడు, కట్ట విప్పాల్సిన అవసరం వాడికే వస్తుంది. అది కూడా రెండు నిమిషాలు దాటదు.

బయటి దేశాల సంగతి అడిగారు. బంగ్లాదేశ్‌లో 2008లో బ్రిటిష్ సాయంతో ఇంగ్లీష్ ఇన్ యాక్షన్ అనే కార్యక్రమం మొదలైంది. అక్కడ గ్రామాల్లో నెట్ మీద ఆధారపడితే పని జరగదని వాళ్ళకు తెలుసు. అందుకని మామూలు సెల్‌ఫోన్లలో మెమరీ కార్డు పెట్టి, వీడియోలూ ఆడియోలూ అందులోనే ఎక్కించి, చిన్న స్పీకరుతో సహా టీచర్లకు ఇచ్చారు. నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది ఫోను కాదు. ఒక బడి నుంచి ఇద్దరిద్దరు టీచర్లను తీసుకున్నారు. ఒకరు చేసింది ఇంకొకరు చూసి మాట్లాడడానికి మనిషి ఉన్నాడన్నమాట. పైగా దగ్గరి బళ్ళవాళ్ళు కలిసి కూర్చునే సమావేశాలు పెట్టారు. మన కాంప్లెక్స్ మీటింగు అంటే అదే కదా.

ఆఫ్రికా దేశాల కోసం టెస్సా అని ఇంకొకటి ఉంది, 2005లో మొదలైంది. బ్రిటన్‌లోని ఓపెన్ యూనివర్సిటీ, ఆఫ్రికా విశ్వవిద్యాలయాలు కలిసి చేశాయి. అందులో పాఠాలు ఎక్కువభాగం అక్షరాల్లోనే ఉంటాయి. ఒక టీచరు తన క్లాసులో ఏం చేసిందో చిన్న కథనం, వెంటనే మీరు మీ క్లాసులో చేసి చూడాల్సిన ఒక పని. ఇంగ్లీషు, ఫ్రెంచి, అరబిక్, స్వాహిలీల్లో ఉంది. దాని తమ్ముడిలాంటిది మన దేశంలో టెస్-ఇండియా. బిహార్, ఒడిశా, కర్ణాటక లాంటి ఏడు రాష్ట్రాల్లో నడిచింది. మన రాష్ట్రం అందులో లేదు. కర్ణాటక కోసం కన్నడంలో చేశారు కాబట్టి మీ సరిహద్దు మండలాల్లోని కన్నడ మీడియం టీచర్లకు నేరుగా పనికొస్తుంది. వీడియోలు మన బళ్ళలాంటి బళ్ళలోనే, నిండు క్లాసుల్లో తీసినవి. చూడండి, తీసుకోండి, తెలుగు చేసుకోండి. వాటి లైసెన్సు అందుకు ఒప్పుకుంటుంది.

ఇవన్నీ చెప్పి మన దగ్గర జరిగింది చెప్పకపోతే నాకు మనసొప్పదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు సైట్ అనే ప్రయోగం జరిగింది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 ఊళ్ళకు టీవీ కార్యక్రమాలు పంపారు. అందులో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ ప్రయోగంలోనే ప్రైమరీ టీచర్లకు సైన్సు బోధనలో శిక్షణ ఇచ్చారు. అప్పటి వాళ్ళు టీవీ ఒక్కదాన్నే నమ్ముకోలేదు. టీవీ చూడడం, రేడియో వినడం, అచ్చు పుస్తకం చదవడం, చేతులతో ప్రయోగం చేయడం, కూర్చుని చర్చించడం, అన్నీ ఒక కట్టగా ఇచ్చారు. 1980ల్లో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు (ఏపీపీఈపీ)లో టీచర్స్ సెంటర్లు వచ్చినప్పుడూ ఇదే ఆలోచన. చుట్టుపక్కల బళ్ళ టీచర్లు ఒకచోట కూర్చుని ఎవరి క్లాసు సంగతి వాళ్ళు చెప్పుకోవాలి. యాభై ఏళ్ళుగా మన చేతిలో ఉన్న పద్ధతి ఇది. కొత్త తెర వచ్చిందని దాన్ని వదులుకోవద్దు.

—

కోసిగి స్కూల్ అసిస్టెంట్:

సార్ చెప్పింది నిజమే గానీ, క్షేత్రంలో ఉన్నవాళ్ళ మాట కూడా కొంచెం వినండి. కొత్త విద్యావిధానం 2020 ప్రకారం ప్రతి టీచరుకూ ఏడాదికి 50 గంటల శిక్షణ ఉండాలి. మంచిదే. ఆచరణలో మాత్రం ఒకరి ఫోనులో వీడియో నడుస్తుంటది, ఆ మనిషి నోట్సు దిద్దుతుంటాడు. చివర సర్టిఫికెట్ వస్తది. వాళ్ళను తప్పుపట్టను, పని భారం అట్లుంది. మీరు చేసే దాంట్లో దయచేసి సర్టిఫికెట్, హాజరు, లింకు నింపడం లాంటివి కలపొద్దు. కలిపితే అందరి దృష్టీ దాని మీదికే పోతది.

ఇంకోటి అక్కా. మా వైపు పత్తి, మిరప పనులకు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతారు. గుంటూరు వైపు పోయిన కుటుంబాలు నెలల తర్వాత తిరిగొస్తాయి. పిల్లోల్లు కూడా వాళ్ళ వెంటే. తిరిగొచ్చిన పిల్లోడు నాలుగో తరగతిలో కూర్చుంటాడు, రెండో తరగతి లెక్క కూడా మరిచిపోయి ఉంటాడు. నేను చూసిన ట్రైనింగు మెటీరియల్‌లో ఈ పిల్లోడు ఎక్కడా కనపడలేదు. అన్నింట్లోనూ ముప్పై మంది ఒకే స్థాయిలో, యూనిఫాం నలగకుండా, వరసగా కూర్చుని ఉంటారు. మీ వీడియోలో ఒక్క క్లాసన్నా మా క్లాసులాగా ఉండనీయండి. ఒక మూల ఒకటో తరగతి అరుస్తుంటది, ఇంకో మూల సుగ్గి నుంచి వచ్చిన పిల్లోడు మాట్లాడకుండా కూర్చుంటాడు. ఆ గదిలో టీచరు తీసివేత ఎట్లా చెప్తాడో చూపించండి. అది నేనే ముందు కూర్చుని చూస్తా.

—

కడప, ఎడిటింగు పని చేసే వ్యక్తి:

నేను టీచరును కాదు. టీచర్లకు వీడియోలు ఎడిట్ చేసి ఇస్తుంటాను. సాంకేతికం వరకు చెబుతాను.

బొమ్మ కొంచెం మసకగా ఉన్నా చూస్తారు, మాట వినపడకపోతే లేచి పోతారు. కాబట్టి ఉన్న డబ్బు మైకు మీద పెట్టండి. చొక్కాకు తగిలించే వైరు మైకు చాలు. రేకుల షెడ్డులో, ఫ్యాను కింద రికార్డు చేయొద్దు. పిల్లవాడి మాట ముఖ్యమైతే మైకు పిల్లవాడికే పెట్టండి. టీచరు గొంతు ఎట్లాగైనా వినపడుతుంది.

సైజు లెక్క ఇది. 480పీలో, సెకనుకు 500 కిలోబిట్ల చొప్పున కుదిస్తే ఐదు నిమిషాల వీడియో దాదాపు 19 ఎంబీ అవుతుంది. హ్యాండ్‌బ్రేక్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, మీ పాత లాప్‌టాప్‌లో కూడా నిదానంగా పని చేస్తుంది. మాట ఒక్కటే కావాలంటే మోనో, 64 కిలోబిట్లలో ఐదు నిమిషాలకు రెండున్నర ఎంబీ లోపే. బస్సులో వినేవాళ్ళకు అది చాలు. పెద్ద తెర మీద పలక మీది అంకెలు కనపడాలంటే మాత్రం ఇంకా స్పష్టమైన 720పీ కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసి హైస్కూల్లోనే ఉంచండి. మీటింగు రోజున డౌన్‌లోడ్ చేద్దామని మాత్రం పెట్టుకోవద్దు.

తెలుగు అక్షరాలు యూనికోడ్‌లోనే టైపు చేయండి. డీటీపీ షాపులో పాత ఫాంట్లలో కొట్టించిన ఫైలు ప్రింటుకు బాగుంటుంది, ఫోనులో తెరిస్తే గజిబిజి అక్షరాలు వస్తాయి. వెతికితే దొరకదు, ఇంకొకరు మార్చుకోలేరు. వీడియో మధ్యలో ఆగి ప్రశ్న అడగాలంటే హెచ్‌ఫైవ్‌పీ అనే సాధనం ఉంది, లుమీ అనే ఉచిత ప్రోగ్రాంతో నెట్ లేకుండానే తయారుచేయొచ్చు. కానీ మీరు చూపించేది గుంపుగా కూర్చున్నవాళ్ళకు. అక్కడ పాజ్ బటన్ నొక్కే మనిషి ఉంటే చాలు. వీడియోనే రెండు ఫైళ్ళుగా కోసేయండి, ఎవరూ మరిచిపోయి ముందుకు పోనీయరు.

లైసెన్సు విషయం. ఇతరులు వాడుకోవచ్చని ముందే అనుమతి ఇచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో బీవై-ఎస్ఏ పెట్టండి. మీ పేరు ఉంచి, మార్చినది కూడా అదే షరతు మీద ఇవ్వాలని దాని అర్థం. ఎన్‌డీ (మార్చినది పంచకూడదు) అని ఉన్నది పెడితే ఉర్దూ మీడియం వాళ్ళు అనువాదం చేసి పంచుకోవడానికి కూడా వీలుండదు. మా కడపలోనూ కర్నూలులోనూ ఆ బళ్ళు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. పాఠ్యపుస్తకం పేజీ స్కాన్ చేసి పెట్టడం, సినిమా పాట వెనక వేయడం వద్దే వద్దు. ఇంకొక ముఖ్యమైన మాట: ఒకసారి ఇచ్చిన క్రియేటివ్ కామన్స్ లైసెన్సును వెనక్కి తీసుకోలేరు. పిల్లల ముఖాలు అందులో ఉంటే అవి ఎప్పటికీ తిరుగుతూనే ఉంటాయి. తల్లిదండ్రుల దగ్గర తెలుగులో చదివి వినిపించి సంతకమో వేలిముద్రో తీసుకోండి. తీసుకున్నా సరే, చేతులూ పలకలూ మాత్రమే తీయండి. సార్ చెప్పిన వీడియోకు ముఖం అవసరమే లేదు.

—

కళ్యాణదుర్గం ఎస్జీటీ:

అందరికీ ధన్యవాదాలు. నిన్న నలుగురం కూర్చుని 40 నిమిషాల లెక్చర్ ఆలోచన పూర్తిగా తీసేశాం.

ఇప్పుడు అనుకుంటున్నది ఇది. మొదటి ముక్క, 52 − 27, సార్ చెప్పినట్టే. పది నిమిషాల చర్చ. రెండో ముక్కలో పుల్లల కట్టలు. కోసిగి అన్న చెప్పినట్టు ఈ రెండో ముక్కను మా గదిలోనే, మిగతా తరగతులు కూడా ఉండగానే తీస్తాం. ఒకటో తరగతి పిల్లలు గింజలు లెక్కపెడుతుంటారు, ఆ చప్పుడు అట్లనే ఉంచుతాం. కెమెరా మాత్రం చేతుల మీదే. మా తాండా పిల్లలు తమలో తాము లంబాడీలోనే మాట్లాడుకుంటూ లెక్క చేస్తారు. ఆ మాటలు కూడా తీసేయకుండా కింద తెలుగు సబ్‌టైటిల్ వేద్దామనుకుంటున్నాం. పిల్లవాడు ఇంటి భాషలో సరిగ్గానే ఆలోచించి, తెలుగులో చెప్పేటప్పుడు తడబడతాడు. టీచర్లు అది వినాలి.

మూడో భాగంగా 403 − 178 పలక చూపించి, 375 వేసిన పిల్లవాడి గురించి అడుగుదామనుకున్నాం. సార్, ఇది సరిపోతుందా? చర్చ నడిపేవాళ్ళకు ఒక కాగితం రాయమంటారా? మా కాంప్లెక్స్‌లో చర్చ నడిపేది సీఆర్పీ (కాంప్లెక్స్ బళ్ళకు సాయంగా ఉండే రిసోర్స్ పర్సన్) గారు, ఆయనకు ఇది కొత్త.

—

కర్నూలు, రిటైర్డ్ డైట్ లెక్చరర్:

లంబాడీ మాటలు ఉంచాలన్న మీ నిర్ణయం చాలా మంచిది. దాన్ని ఎవరు వద్దన్నా వదలకండి.

403 − 178 మంచి లెక్క, కానీ 375 వద్దు. అది 35 వేసిన పిల్లవాడి ఆలోచనే, అంకెలు మాత్రమే పెరిగాయి. పెద్దదానిలో నుంచి చిన్నది తీశాడు, అంతే. టీచర్లు దాన్ని వెంటనే గుర్తుపడతారు, చర్చ ముందుకు పోదు. దాని బదులు 235 వేసిన పలక పెట్టండి. ఆ పిల్లవాడికి అప్పు తెచ్చుకోవడం తెలుసు. వందల నుంచి ఒకటి తెచ్చి పదుల్లో 10 చేశాడు. అందులో నుంచి ఒకట్లకు ఒకటి ఇచ్చినప్పుడు పదుల్లో 9 మిగలాలి. అక్కడ 10 అట్లనే ఉంచేశాడు. 13లో 8 పోతే 5, 10లో 7 పోతే 3, 3లో 1 పోతే 2. సరైన జవాబు 225. తేడా పదే.

ఇప్పుడు రెండు పలకలూ పక్కపక్కన చూపించి అడగండి: ఈ ఇద్దరికీ మీరు ఒకే సాయం చేస్తారా? 375 వేసిన పిల్లవాడికి పుల్లల కట్టలతో మొదటి నుంచి పని ఉంది. 235 వేసినవాడు దాదాపు వచ్చేశాడు, వాడికి రెండు నిమిషాలు కూర్చుని వంద కట్ట విప్పి చూపిస్తే చాలు. ఇద్దరికీ ఇంటు కొట్టి ఇద్దరిచేతా ఇంకో ఇరవై లెక్కలు చేయిస్తే మొదటివాడు తన తప్పు సూత్రాన్నే ఇంకో ఇరవై సార్లు సాధన చేస్తాడు. ఈ ఒక్క సంగతి మీ కాంప్లెక్స్ టీచర్లు ఆ గంటలో తమంతట తాము కనుక్కుంటే, ఆ గంట సార్థకం.

సీఆర్పీ గారికి కాగితం తప్పకుండా రాయండి, వీడియో తీయక ముందే రాయండి. ఒకే పేజీ. ఏ ఫైలు ఎప్పుడు ఆపాలి, ఏం అడగాలి, టీచర్లు సాధారణంగా ఏం జవాబు చెబుతారు, దానికి తిరిగి ఏం అడగాలి. జవాబులు చెప్పేయడం ఆయన పని కాదని పైనే పెద్ద అక్షరాల్లో ఉంచండి. "పిల్లలకు బేసిక్స్ లేవండీ" అని ఎవరో ఒకరు అంటారు. అప్పుడు "ఈ పలక మీద ఈ పిల్లవాడికి ఏమేం వచ్చో చెప్పండి" అని ఆయన తిరిగి అడగాలి. ఆ వాక్యం ఉన్నదున్నట్టు కాగితం మీద రాసి ఇవ్వండి, ఆ క్షణంలో తట్టదు.

చివరి పదిహేను నిమిషాలు ఖాళీగా ఉంచండి. ప్రతి టీచరూ తన క్లాసులో ఈ వారం ఏ ఇద్దరు పిల్లల పలకలు తీసుకుని కూర్చుంటారో నోటుబుక్కులో రాసుకోవాలి. వచ్చే మీటింగు ఆ పలకల ఫోటోలతోనే మొదలుపెట్టండి. అప్పుడు మీ రెండో వీడియోకు ఏం కావాలో ఆ ఫోటోలే చూపిస్తాయి, భిన్నాలకు ఇప్పుడే తొందరపడాల్సిన పని లేదు.

షూటింగుకు ముందు ఒక్క పని చేయండి. రెండు పలకలూ చాకుపీసుతో మీరే రాసి ఫోటో తీసి, ఆ కాగితంతో పాటు మీ స్టాఫ్ రూంలో ఇద్దరు ముగ్గురితో చర్చ పెట్టి చూడండి. అక్కడ మాట సాగకపోతే ప్రశ్న మార్చుకోవచ్చు, ఖర్చు ఏమీ లేదు. కాగితం తయారయ్యాక ఇక్కడే పెట్టండి, చదివి చెబుతాను.

—

కోసిగి స్కూల్ అసిస్టెంట్:

అక్కా, కాగితం పెట్టినప్పుడు నాకూ చెప్పండి. మా కాంప్లెక్స్‌లో కూడా అదే రెండు పలకలతో నడిపి, మా టీచర్లు ఏం జవాబులు చెప్పారో రాసి పంపుతా. సుగ్గి నుంచి తిరిగొచ్చిన పిల్లోల్ల పలకలు నా దగ్గర కొన్ని ఫోటోలున్నాయి, పేర్లు తీసేసి ఇస్తా.